గంట మోగని పోటీలు

"మేరీ కోమ్ మంచి ఊపులో ఉన్న రోజుల్లో మన నిఖత్ జరీన్ ఎదురై ఉంటే ఎవరు గెలిచేవారు?"

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ అమ్మాయి ప్రపంచ విజేత అయిన నాటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దాని మీద నాకేమీ మక్కువ లేదు, ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు నా ముందు పెడుతున్నారు, అంతే. భద్రాచలం వంతెన దాటి, సారపాక కాగితం మిల్లు మీదుగా మా బూర్గంపాడు వచ్చే బస్సులో విన్నాను. పెళ్ళి పందిట్లో విన్నాను. కిరాణా కొట్టు అరుగు మీద విన్నాను. ముష్టియుద్ధాన్ని టీవీలో తప్ప చూడని మా ఊళ్ళో ఇంతమంది న్యాయనిర్ణేతలు ఉన్నారని ఇదివరకు నాకు తెలియదు.

తీర్పులు కూడా మామూలుగా ఉండవు. "ఆరుసార్లు ప్రపంచ విజేత, పిల్లల తల్లి అయ్యాక కూడా గెలిచింది, ఆమె ముందు ఈ పిల్ల ఎంత?" అని ఒకరంటారు. "ఆ రోజుల్లో పోటీకి వచ్చిందెవరండీ? మన నిఖత్ అయితే మొదటి రౌండులోనే తేల్చేసేది" అని ఇంకొకరంటారు. జరగని పోటీకి ఇద్దరూ కళ్ళారా చూసినట్టే సాక్ష్యం చెబుతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇటువంటి వారి కోసమే పుట్టి ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. వేర్వేరు కాలాల విజేతలను ఊహలో ఒకే రింగులోకి దింపి, ఫలానావారే గెలుస్తారని తీర్పు చెప్పడం తప్పుడు పని. కాలక్షేపంగా మొదలయ్యే ఈ అలవాటు, చివరకు నిజంగా జరగవలసిన పోటీకి అడ్డుపడుతుంది. ఒకసారి అడ్డుపడబోయింది కూడా, అదీ మన నిఖత్ విషయంలోనే. అందుకే దీన్ని సరదా కబుర్ల కింద జమకట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఈ జాడ్యం మనకు కొత్తది కాదు. కవచకుండలాలు పోకుండా ఉండి, రథచక్రం నేలలో కుంగకుండా ఉంటే కర్ణుడి చేతిలో అర్జునుడి గతి ఏమయ్యేదన్న తగవు ఎన్ని అరుగులను అరగదీసిందో చెప్పలేం. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామమూర్తినాయుడికీ, అమృత్‌సర్ వైపు గామాకీ కుస్తీ పడి ఉంటే ఎవరు గెలిచేవారన్న వాదన మా పెద్దల నోట విన్నాను. ఆ వాదనలో ఒక చిత్రం ఉంది. తెలుగునాట జరిగితే ప్రతిసారీ రామమూర్తే గెలుస్తాడు. పంజాబులో జరిగితే గామా ఒక్కసారి కూడా ఓడి ఉండడని పందెం కాస్తాను. ఊహలో జరిగే పోటీలో మనవాడు ఎన్నడూ ఓడిపోడు! ఇది ఒక్కటి గమనిస్తే చాలు, ఆ తీర్పుల విలువ ఎంతో తెలిసిపోతుంది.

వాదనాప్రియులు దీనికి ఒప్పుకోరు. "మేము అభిమానంతో చెప్పడం లేదు, లెక్కతో చెబుతున్నాము" అంటారు. సరే, ఆ లెక్క ఏమిటో చూద్దాం. వారి లెక్కల్లో పెద్దది ఇది: అతడు ఇతడిని ఓడించాడు, ఇతడు మరొకడిని ఓడించాడు, కనుక మొదటివాడు ఆ మూడోవాడిని తప్పక ఓడిస్తాడు. వినడానికి ఎంతో తర్కబద్ధంగా ఉంటుంది. 1971 మార్చిలో న్యూయార్కులో జో ఫ్రేజియర్ మహమ్మద్ అలీని 15 రౌండ్లు పోరాడి ఓడించాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకూల్చాడు. ఈ తర్కం ప్రకారం ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. 1974 అక్టోబరులో కిన్షాసాలో ఏమైంది? ఎనిమిదో రౌండులో అలీ ఫోర్‌మన్‌ను పడగొట్టాడు. ముగ్గురూ ఒకే కాలం వాళ్ళు, ఒకే బరువు తరగతి వాళ్ళు, ఒకరినొకరు నిజంగా కొట్టుకున్నవాళ్ళు. అయినా లెక్క తప్పింది. ఒక్క నాలుగేళ్ళ వ్యవధిలో తప్పిన లెక్కను నలభై యాభై ఏళ్ళ దూరానికి సాగదీసి తీర్పులు చెబుతామంటే ఎలా నమ్మడం?

ముష్టియుద్ధంలో బలమూ వేగమూ ఎంత ముఖ్యమో, ఎదుటివాడి తీరు కూడా అంతే ముఖ్యం. ముందుకు దూసుకువచ్చేవాడికి ఒకడు కొరుకుడు పడడు, దూరం నుంచి కొట్టేవాడికి ఇంకొకడు. ఆ రాత్రి నిద్ర పట్టిందా, బరువు తగ్గించుకోవడానికి నీళ్ళు మానేశాడా, కనుబొమ్మ మీద పాత గాయం మానిందా, ఇవన్నీ కూడా లెక్కలోకి వస్తాయి. వీటిలో ఒక్కటీ మన అరుగు మీదికి రాదు.

మనుషులు చేయలేనిది యంత్రం చేస్తుందనుకున్నవారూ ఉన్నారు. 1967లో అమెరికాలో మర్రే వోరొనర్ అనే ఆయన అన్ని కాలాల హెవీవెయిట్ విజేతల వివరాలను కంప్యూటరుకు ఇచ్చి, అది తేల్చిన ఫలితాలను నిజమైన పోటీల్లా రేడియోలో వ్యాఖ్యానంతో సహా వినిపించాడు. ఆ పోటీల్లో అలీ, ఎప్పుడో 1905లో రంగం విడిచిన జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు! చివరికి రాకీ మార్సియానో విజేత అయ్యాడు. అలీకి ఒళ్ళు మండి పది లక్షల డాలర్లకు పరువునష్టం దావా వేశాడు. ఆ తగవు తీరి, అలీ, మార్సియానో కలిసి ఒక సినిమా కోసం ఉత్తుత్తి పోటీ ఆడారు. రకరకాల ముగింపులు చిత్రీకరించి పెట్టుకున్నారు. ఆ చిత్రం విడుదలయ్యేనాటికి మార్సియానో బతికి లేడు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరి 20న అమెరికాలో ప్రదర్శించినప్పుడు 13వ రౌండులో మార్సియానో గెలిచాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచాడు. యంత్రం ఒకటే, పోటీ ఒకటే, ప్రేక్షకులు మారితే విజేత మారాడు! ఊహాపోటీల స్వభావాన్ని ఇంతకంటె నగ్నంగా చూపిన ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. ఆ కంప్యూటరును అలబామాలో తయారుచేసి ఉంటారని అలీ ఎద్దేవా చేశాడంటారు. నల్లవారిని తెల్లవారి పక్కన బస్సులో కూర్చోనివ్వని రాష్ట్రంగా అలబామా ఆనాడు పేరుమోసింది. ఆ ఎద్దేవాలోని చురుకు అదీ.

ఆ చురుకు వెనుక చరిత్ర ఉంది. జెఫ్రీస్ పేరు అక్కడ ఊరికే రాలేదు. 1908 డిసెంబరులో సిడ్నీలో జాక్ జాన్సన్ అనే నల్లజాతివాడు తొలిసారి హెవీవెయిట్ ప్రపంచ విజేత అయ్యాడు. తెల్ల అమెరికా దాన్ని దిగమింగుకోలేకపోయింది. "మా జెఫ్రీస్ రింగులో ఉండి ఉంటేనా!" అని పత్రికలు, పెద్దమనుషులు దెప్పడం మొదలుపెట్టారు. ఓడిపోకుండానే విరమించి, పొలం చూసుకుంటూ ఒళ్ళు పెంచుకున్న జెఫ్రీస్‌ను బతిమాలి, బలవంతపెట్టి రప్పించారు. ఊహించుకున్న పోటీ నిజంగా జరిగిన అరుదైన సందర్భం అది. 1910 జులై 4న రెనోలో 45 రౌండ్లకు ఒప్పుకున్న ఆ పోటీ 15వ రౌండులో ముగిసింది. జాన్సన్ గెలిచాడు. ఆ రాత్రి అమెరికాలో అనేక పట్టణాల్లో అల్లర్లు చెలరేగి మనుషుల ప్రాణాలు పోయాయి, పోయినవారిలో ఎక్కువమంది నల్లవారు. "మా పాత విజేత అయితేనా" అన్న మాటలో ఏముందో అప్పుడు బయటపడింది. అది జెఫ్రీస్ మీద ప్రేమ కాదు, జాన్సన్‌ను విజేతగా ఒప్పుకోలేని కడుపుమంట. నిజంలో ఓడిపోయిన అదే జెఫ్రీస్, యాభై ఏడేళ్ళ తర్వాత ఒక యంత్రం కడుపులో మరో నల్లజాతి విజేతను ఓడించాడు. అదే 1967లో అలీ వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు టైటిల్ పోగొట్టుకుని కూర్చున్నాడు. పాఠకులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోగలరు.

మన వాదనలో అంత విషం లేదని మీరు అనవచ్చు. నిజమే, లేదు. అయినా "ఎవరు గెలిచేవారు" అని అడిగేవాడు చాలాసార్లు గతాన్ని గురించి అడగడం లేదు. వర్తమానంలో ఎవరికో దక్కిన గౌరవాన్ని కొంత కోసివేయడానికి కత్తి వెతుక్కుంటున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు పెద్దలు. విరమించినవారి పిడికిళ్ళు కూడా అంతే, ఏటేటా పెద్దవవుతుంటాయి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మేరీ, నిఖత్. వీరిద్దరి ఊహాపోటీ ఏ నిబంధనల కింద జరుగుతుంది?

మొదట బరువు. మేరీ తొలి ప్రపంచ స్వర్ణం 2002లో అంతాల్యాలో 45 కిలోల తరగతిలో వచ్చింది. 2005, 2006, 2008 స్వర్ణాలు 46 కిలోల్లో. 2010లోనూ, 2018లోనూ 48 కిలోల్లో. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించింది 52 కిలోల్లో. 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాం బాక్సర్ గుయెన్ థి తామ్‌ను ఓడించి రెండో స్వర్ణం గెలిచింది 50 కిలోల్లో. 2006 నాటి మేరీని 2022 నాటి నిఖత్‌తో తలపడనివ్వమని ఏ అధికారిని అడిగినా, ఆరు కిలోల తేడా చూసి ఇద్దరినీ ఇంటికి పంపిస్తాడు. అంత చిన్న శరీరాలకు ఆరు కిలోలంటే మాటలు కాదు. అసలు 2012లో లండన్‌లో మహిళల బాక్సింగ్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు మూడే మూడు తరగతులు పెట్టారు, అన్నింటికంటె తక్కువది 51 కిలోలు. మేరీ తన శరీరానికి నప్పని ఆ తరగతికి ఎక్కి, సెమీఫైనల్లో నికొలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడి, కాంస్యం తెచ్చింది. ఆమె తరగతి ఆనాడు ఒలింపిక్స్‌లో లేకపోవడం ఆమె లోపమా?

తర్వాత కొలత. లండన్‌లో మహిళలు రెండు నిమిషాల రౌండ్లు నాలుగు ఆడారు. తగిలిన దెబ్బలను లెక్కపెట్టి పాయింట్లు ఇచ్చారు. ఆ మరుసటి ఏడు ఆ పద్ధతి పోయింది. ఒక్కో రౌండులో మెరుగైనవారికి 10 పాయింట్లు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత మూడు నిమిషాల రౌండ్లు మూడు అయ్యాయి. దెబ్బ తగిలించి చటుక్కున తప్పుకునే చురుకుదనానికి పాత పద్ధతిలో ఒక విలువ, కొత్త పద్ధతిలో మరొక విలువ. మరి మన అరుగు మీద జరిగే పోటీకి ఏ గంట, ఏ లెక్క? పురుషుల్లోనూ ఇంతే. 1956లో ఒక్క ఓటమి కూడా లేకుండా 49 విజయాలతో విరమించిన మార్సియానో బరువు 85 కిలోల దరిదాపుల్లో ఉండేది. నేడైతే ఆయనను హెవీవెయిట్ కంటె తక్కువ తరగతిలో వేస్తారు. నేటి హెవీవెయిట్ విజేతల్లో వంద కిలోలు దాటినవారున్నారు. వారితో ఆయన్ను పోరాడించి ఓడిపోయాడని చప్పట్లు కొట్టడం వీరత్వమా?

కాలాలను అసలు పోల్చనే కూడదని నేను అనడం లేదు. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, పోలికలు మానుకోమని ఎవరికీ చెప్పలేను. మా వైపు పెద్ద వరద అంటే ఏది అన్న ప్రశ్న ప్రతి శ్రావణంలో లేస్తుంది. దానికి జవాబుంది. భద్రాచలం దగ్గర కొలబద్ద ఉంది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక అని తెలిసినవారికి ఈ అంకెల అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఒకే నది, ఒకే కొలబద్ద, రెండు కాలాలు. అయినా మా ఊళ్ళో ఇళ్ళు మునిగినవాడిని అడగండి. నడుమ భద్రాచలం వైపు కరకట్ట వచ్చింది, ఒడ్డున ఇళ్ళు పెరిగాయి, దారులు మారాయి, కనుక ఒక అడుగు నీరు అప్పుడు చేసిన పని వేరు, ఇప్పుడు చేసే పని వేరు అంటాడు. నిలబెట్టిన కొలబద్ద ఉన్నచోటే ఇంత జాగ్రత్తగా మాట్లాడవలసి వస్తుంటే, కొలబద్దే లేని పిడికిళ్ళ గురించి మనం అంత ధీమాగా ఎలా మాట్లాడగలుగుతున్నాం?

ఇక అసలు నా కోపానికి కారణం చెప్పాలి. దానికి 2019లోకి వెళ్ళాలి.

ఆ ఏడాది ఆగస్టులో ప్రపంచ పోటీలకు జట్టును ఎంపిక చేసేటప్పుడు 51 కిలోల తరగతిలో మేరీకీ నిఖత్‌కీ జరగవలసిన ట్రయల్‌ను బాక్సింగ్ సమాఖ్య రద్దుచేసి, మేరీని నేరుగా పంపింది. అక్టోబరులో మేరీ కాంస్యంతో తిరిగి వచ్చింది. ఒలింపిక్ అర్హత పోటీలకు స్వర్ణ రజతాలు తెచ్చినవారికే ట్రయల్ నుంచి మినహాయింపు అని అంతకుముందు అన్న సమాఖ్య, ఇప్పుడు కాంస్యం తెచ్చిన మేరీని కూడా నేరుగా పంపే ఆలోచన బయటపెట్టింది. అప్పుడు ఇరవై మూడేళ్ళ నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడు కూడా ప్రతి ఒలింపిక్స్‌కూ మళ్ళీ అర్హత సంపాదించుకోవలసి వచ్చింది కదా, మాకూ ఆ న్యాయమే వర్తింపజేయండి అన్నది అందులోని సారాంశం. తనను గెలిపించమని ఆమె అడగలేదు. పోటీ పెట్టమని అడిగింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ట్రయల్ అక్కరలేదన్నవారు చేసిందేమిటి? తమ తలలో ఒక పోటీ జరిపించారు. ఆరు ప్రపంచ స్వర్ణాలు ఒకవైపు, నిజామాబాద్ పిల్ల ఒకవైపు. గంట మోగకుండానే ఫలితం చెప్పేశారు. మన బస్సుల్లో, అరుగుల మీద జరిగేది కూడా ఇదే. తేడా ఒక్కటే: మన తీర్పుతో ఎవరి విమానం టిక్కెట్టూ రద్దు కాదు, వారి తీర్పుతో అవుతుంది. ఊహాపోటీ ఎక్కడ ఆగుతుందో తెలియక నేను దానికి భయపడుతున్నాను. ఊహించడం అలవాటైనవాడికి, కాలక్రమంలో చూడవలసిన అవసరమే కనిపించదు.

దీనికి గట్టి జవాబు ఒకటి ఉంది, దాన్ని దాటవేయను. "చివరికి ట్రయల్ పెట్టారు కదా, 2019 డిసెంబరు 28న ఢిల్లీలో మేరీ 9-1 తేడాతో గెలిచింది కదా, అంతకుముందు మే నెలలో గువాహటిలోనూ ఆమెదే గెలుపు కదా! సమాఖ్య ఊహించిందే నిజమైంది. ఇంత గొడవ ఎందుకు?" అంటారు.

ఫలితం అదే కావచ్చు. కానీ రెండూ ఒకటి కావు. ట్రయల్ లేకుండా మేరీ వెళ్ళి ఉంటే, ఆమె స్థానం దయగా ఇచ్చినదయ్యేది. ట్రయల్ గెలిచి వెళ్ళింది కనుక అది ఆమె హక్కు అయింది. నిఖత్ కూడా వట్టి చేతులతో రాలేదు. తను ఎంత దూరంలో ఉందో ఆమెకు కచ్చితంగా తెలిసింది. ఆ కొలత ఆమెకు అంతకుముందు ఎవరూ ఇవ్వబోలేదు. ఆ పోటీ ముగిశాక నిఖత్ ఆలింగనానికి వస్తే మేరీ పక్కకు తప్పుకున్నదని అందరం మాట్లాడుకున్నాం, ఆమెను తిట్టుకున్నాం. నా దృష్టిలో అది చిన్న విషయం. ముప్పయి ఆరు దాటిన ఆరుసార్ల విజేత, ఇరవై మూడేళ్ళ పిల్లతో రింగులోకి దిగి, మూడు రౌండ్లు పోరాడి తన స్థానం నిలబెట్టుకుంది. పెద్దరికానికి అంతకంటె మర్యాద ఏముంటుంది?

ఇక ఆ 9-1ని తీసుకువచ్చి "చూశారా, నిఖత్ ఎప్పటికీ మేరీకి సాటిరాదు" అనేవారికి ఒక మాట. ఆ అంకె 2019 డిసెంబరు 28 నాటిది. 2022 మే నెలకు దాన్ని మోసుకుపోవడానికి వీల్లేదు. మేరీ 2021 జులైలో టోక్యోలో కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియా చేతిలో 3-2తో ఓడింది. దాన్ని పట్టుకుని ఆమె 2006లో గొప్పది కాదనగలమా? నిఖత్ 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 5-0తో ఓడింది. ఆ వూ యూ చివరికి స్వర్ణమే గెలుచుకుంది. సీడింగ్ లేని నిఖత్‌కు ఆమె తొలి దశలోనే ఎదురైంది. చీటీ మరోలా పడితే పతకం వచ్చేదేమో. ఆ "ఏమో" దగ్గరే నేను ఆగిపోతాను. మీరూ ఆగండి అంటున్నాను.

మా వైపు ఇంకో సంగతి చెబుతాను. చట్టం ఒప్పదని తెలిసినా సంక్రాంతి వచ్చిందంటే సరిహద్దు దాటి పందెం కోళ్ళు చూడబోయేవారికి మా దగ్గర కొదవ లేదు. వారిలో కుక్కుట శాస్త్రం కంఠతా వచ్చినవారున్నారు. ఏ రోజున డేగ గెలుస్తుంది, ఏ వేళకు కాకి గెలుస్తుంది, నెమలి మీద ఎప్పుడు పందెం కట్టకూడదు, అన్నీ చెబుతారు. నాకు ఆ పందేల మీద గౌరవం లేదు. కానీ వారి దగ్గర ఒక నిజాయితీ ఉంది. శాస్త్రం చూసి పందెం కడతారు గానీ, శాస్త్రం చూసి డబ్బు పంచుకోరు. కోళ్ళు బరిలోకి దిగవలసిందే, దుమ్ము రేగవలసిందే, అప్పుడే ఎవరి డబ్బు ఎవరిదో తేలుతుంది. కోడికి ఇచ్చే ఈ పాటి న్యాయం ఆటగత్తెలకు ఇవ్వలేమా?

నేను చదువుకునే రోజుల్లో ఒక బడిలో జిల్లా స్థాయి పరుగు పందేనికి ఒక అమ్మాయిని పంపవలసి వచ్చింది. బడి పేరు, మాస్టారి పేరు ఇక్కడ అనవసరం. ముందటేడు వెళ్ళి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. ఆ ఏడే చేరిన కోయపిల్ల ఒకతె, గూడెం నుంచి రోజూ వాగు దాటి వచ్చేది, ఆటల గంటలో అందరికంటె ముందుండేది. ఇద్దరినీ ఒకసారి పరుగెత్తించి చూడండి సార్ అని పిల్లలం అడిగాం. "ఎందుకురా, ఎవరు గెలుస్తారో మనకు తెలిసిందే కదా" అన్నారు మాస్టారు. ఆయన చెడ్డవారేమీ కాదు. నిజంగానే తెలుసు అనుకున్నారు. పాత సర్టిఫికెట్ ఉన్న పిల్ల వెళ్ళింది. రెండో పిల్ల ఆ తర్వాతి ఏడు బడిలో లేదు. పరుగెత్తి ఉంటే ఆమె ఓడిపోయి ఉండేదేమో, నాకు తెలియదు. ఓడిపోయే అవకాశం కూడా ఆమెకు దక్కలేదన్నది మాత్రం తెలుసు. "తెలిసిందే కదా" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మరి గొప్పతనాన్ని ఎలా కొలవాలి అని అడుగుతారు. కాలం దాటి కొలవడానికి వేరే దారులున్నాయి. తన కాలంలో ఎదురైనవారిని ఎంత నిలకడగా ఓడించింది? ఎంత కాలం ఓడించింది? తను వచ్చేనాటికి ఆట ఎక్కడ ఉంది, తను వెళ్ళేనాటికి ఎక్కడికి చేరింది? ఈ ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి, ఎవరినీ కించపరచకుండా దొరుకుతాయి. మహిళల ప్రపంచ పోటీలే 2001లో మొదలయ్యాయి. ఆ తొలి పోటీల్లోనే మేరీ రజతం తెచ్చింది. పోటీ తక్కువగా ఉన్న రోజులని ఈసడించేవారు, అంతమంది లేని దారిలో మొదట నడవడం ఎంత కష్టమో మరిచిపోతున్నారు. మేరీ తొలి స్వర్ణం గెలిచిన అంతాల్యాలోనే తొమ్మిదేళ్ళ తర్వాత, 2011లో, నిఖత్ జూనియర్ ప్రపంచ విజేత అయింది. చిన్ననాటి నుంచి మేరీనే ఆరాధించానని నిఖత్ స్వయంగా చెప్పింది. ఒకరు వేసిన బాటలో మరొకరు నడిచి, భుజం కీలు తప్పిన గాయం నుంచి కోలుకుని, రెండుసార్లు ప్రపంచాన్ని గెలిచారు. ఈ ఇద్దరినీ కొట్లాడించి చూస్తే తప్ప మనకు తృప్తి లేదా? తాతలు తాగిన నేతులకు మూతులు వాసన చూడమనేవారు ఒకవైపు, తాతలే లేరనేవారు మరొకవైపు. నడుమ నెయ్యి కాచినవారిని అడిగే నాథుడు లేడు.

ఈ కబుర్లు మానుకోమంటే మానుకునే జాతి కాదు మనది, ఆ సంగతి నాకు తెలుసు. అలీ గొప్పా, మార్సియానో గొప్పా అని తెల్లవార్లూ వాదించుకోండి. ఆ వాదనలో పాత పోటీలు గుర్తుకు వస్తాయి, పేర్లు బతుకుతాయి, పిల్లలు వింటారు. అంతవరకు మంచిదే. తీర్పు మాత్రం చెప్పకండి. ఆ తీర్పును తెచ్చి బతికి ఉన్న మనిషి నెత్తిన కొట్టకండి. మీ ఊళ్ళో, మీ బడిలో, మీ మండలంలో జట్టు ఎంపిక జరిగేటప్పుడు ఎవరైనా "ఎవరు గెలుస్తారో తెలిసిందే కదా" అంటే మాత్రం లేచి నిలబడి, "మాకు తెలియదు, పోటీ పెట్టండి" అని గట్టిగా అనండి. మేరీ మీద అభిమానం ఉన్నవారూ, నిఖత్ మీద అభిమానం ఉన్నవారూ కలిసి అనదగిన మాట అదొక్కటే. ఏమంటారు?